నంద్యాల మోతాదు చౌల్దారీకి సరిపోవునా?
పొద్దుతిరుగుడు పైరులో నత్రజని వినియోగం

పొద్దుతిరుగుడు పైరుకు ఎకరానికి ఎంత యూరియా వేయవలెనని తెలుగునాట ఏ ఎరువుల దుకాణంలో అడిగినా సమాధానం వెంటనే లభిస్తుంది. వర్షాధారపు పంటకు ఎకరానికి 24 కిలోల నత్రజని. అనగా 52 కిలోల యూరియా. ఇందులో సగం, 26 కిలోలు, విత్తే సమయంలోను, 13 కిలోలు ముప్పై రోజులకు మొగ్గ తొడిగే దశలోను, మిగిలిన 13 కిలోలు యాభై రోజులకు పువ్వు విచ్చే దశలోను వేయవలెను. నీటి వసతి ఉన్నచోట నత్రజని 30 కిలోల వరకు పెరుగుతుంది. ఏళ్ళ తరబడి అనుభవంలో నిలిచిన లెక్క ఇది. అయితే ఈ లెక్క నంద్యాల, కర్నూలు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి భూములను, ఎర్ర నేలలను చూచి తయారైనది. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీలో వరి కోసిన మడిలో జనవరి మాసాన పొద్దుతిరుగుడు వేయదలచిన రైతు ఈ అంకెలో ఏ భాగాన్ని స్వీకరించవచ్చును, ఏ భాగాన్ని విడిచిపెట్టవలెను అన్నది పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాస ఉద్దేశం.

ముందుగా ఒక విషయం నిష్కర్షగా చెప్పుకొనవలెను. పొద్దుతిరుగుడు ద్వీపాలలో స్థిరపడిన పంట కాదు. ఇక్కడి రైతుకు వరి, కొబ్బరి, పోక, కూరగాయలు, వరి తరువాత కొద్దిపాటి పెసర, మినుము అలవాటైన పంటలు. కనుక ఈ పంట వేయుడని మేము ప్రోత్సహించుట లేదు. అయినను ఈ ప్రశ్న రాకమానదు. వంటనూనె ద్వీపాలకు ఓడ మీద రావలసినదే. వరి కోతల తరువాత జనవరి నుండి ఏప్రిల్ వరకు చాలా మడులు ఖాళీగా ఉంటాయి. పైగా పశ్చిమ బెంగాల్ సుందరవనాలలోను, బంగ్లాదేశ్ దక్షిణ తీరంలోను వరి కోసిన ఉప్పు నేలలలో, దున్నకుండానే తడి మట్టిలో గింజ నాటి పొద్దుతిరుగుడు పండిస్తున్నారు. ఆ భూముల పోలిక చౌల్దారీ పల్లపు మడులకు కొంత ఉన్నది. అందువలన అప్పు తీసుకొని కొత్త పంట వేయదలచినవారు నత్రజని విషయం ముందే తెలిసికొనుట మంచిది.

నత్రజని చేసే పని

ఒక క్వింటాలు గింజ పండించుటకు పొద్దుతిరుగుడు పైరు మొత్తం మీద సుమారు 4 నుండి 5 కిలోల నత్రజనిని తీసికొంటుంది. ఎకరానికి ఐదు క్వింటాళ్ళ దిగుబడి ఆశించితే 20 నుండి 25 కిలోలు కావలెను. పైన చెప్పిన 24 కిలోల సిఫారసు ఈ లెక్కకు దగ్గరగానే ఉన్నది. ఇందులో కొంత భాగం నేల తనంతట తానే ఇస్తుంది. వేసిన ఎరువులో కొంత భాగం పైరుకు అందక నష్టపోతుంది. నేల ఇచ్చేది ఎంత, నష్టపోయేది ఎంత అన్న రెండు ప్రశ్నలకు ఊరికొక సమాధానం ఉంటుంది. ఒక ఊరి మోతాదు మరొక ఊరికి నేరుగా సరిపోకపోవుటకు కారణమిదే.

మోతాదు కన్న కూడ ముఖ్యమైనది వేళ. పొద్దుతిరుగుడు తలలో ఎన్ని గింజలు కట్టవలెనో పువ్వు విచ్చిన నాడు నిర్ణయం కాదు. తొంభై రోజుల సంకర రకంలో విత్తిన సుమారు నాలుగైదు వారాలకు, మొగ్గ ఇంకా ఆకుల నడుమ నక్షత్రం వలె కనబడుచున్న రోజులలోనే, తల లోపల పూమొలకలు వరుసలుగా ఏర్పడుతాయి. ఆ సమయంలో నత్రజని కొరవడితే తల చిన్నదౌతుంది. తరువాత ఎంత వేసినను ఆ లోటు తీరదు. పూత సమయానికి పైరు తనకు కావలసిన నత్రజనిలో అధిక భాగాన్ని తీసికొని ఉంటుంది. అటుపైన ఆకులలోను కాండంలోను నిలువచేసినదానిని గింజకు తరలిస్తుంది. పువ్వు పూర్తిగా విచ్చిన తరువాత పైపాటుగా వేసిన యూరియా గింజల సంఖ్యను పెంచజాలదు.

లోపాన్ని గుర్తించుట కష్టం కాదు. నత్రజని చాలనప్పుడు ముందుగా అడుగు ఆకులు లేత పసుపు రంగుకు తిరుగుతాయి. మొక్క ఆ ఆకులలోని నత్రజనిని పైకి తీసికొనుటయే కారణం. పై చిగురాకులు పసుపైతే అది చాలాసార్లు గంధకపు లోపం. డీలరు సోదరులకు ఒక మనవి: రైతు "ఆకు పసుపైంది" అనగానే యూరియా బస్తా దించకుడు. ఏ ఆకు అని అడగండి. మడిలో నీరు నిలిచినదా అని కూడ అడగండి. నీరు నిలిచిన నేలలో వేళ్ళకు ఊపిరాడక ఆకులు పసుపెక్కుతాయి, అక్కడ యూరియా వేసినను పైరుకు అందదు.

తెలుగునాట అనుభవం

పొద్దుతిరుగుడు మన దేశపు పాత పంట కాదు. దక్షిణ రష్యాలోని క్రాస్నోదార్‌లో పుస్తోవోయిత్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఎంపిక చేసి నూనె శాతాన్ని పెంచిన రకాలు 1970 ప్రాంతంలో భారతదేశానికి వచ్చాయి. వాటితోపాటు పొట్టి రకమైన మోర్డెన్ కూడ రైతులకు పరిచయమైనది. 1980లో బెంగళూరు నుండి బి.ఎస్.హెచ్-1 అనే సంకర రకం విడుదలైన తరువాత పంట త్వరగా విస్తరించినది. 1986లో ప్రారంభమైన నూనెగింజల సాంకేతిక మిషన్ దానికి మరింత ఊపునిచ్చినది. 1990వ దశకం తొలి సంవత్సరాలలో దేశం మొత్తం మీద ఇరవై లక్షల హెక్టార్లకు మించి పొద్దుతిరుగుడు సాగైనది. కర్నాటక, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర దీనికి ముఖ్య కేంద్రాలు.

ఆ తరువాత తగ్గుదల వచ్చినది. 1997లో కర్నాటకలోని బాగేపల్లి ప్రాంతంలో మొదట కనబడిన నెక్రోసిస్ తెగులు రాయలసీమకు కూడ పాకినది. దిగుమతి నూనెల ధరలు రైతుకు గిట్టుబాటు లేకుండ చేశాయి. నల్లరేగడి రైతులలో చాలామంది శనగకు మారినారు. ఈనాడు దేశంలో ఈ పంట విస్తీర్ణం అప్పటి దానిలో కొద్ది భాగమే.

ఈ చరిత్రలో నత్రజనికి సంబంధించిన పాఠమొకటి ఉన్నది. పంట లాభసాటిగా ఉన్న రోజులలో అదే చేనులో పొద్దుతిరుగుడు మీద పొద్దుతిరుగుడు వేసినవారున్నారు. ఈ పైరు వేళ్ళు లోతుకు పోయి నేలలో నిలువ ఉన్న పోషకాలను లాగుతాయి. వెనుక వచ్చే పంటకు ఏమీ మిగల్చదని రైతులలో ఒక మాట స్థిరపడినది. దుకాణంలో దానికి సమాధానం మరో బస్తా యూరియా. పొలంలో సరియైన సమాధానం పప్పుజాతి పంటతో మార్పిడి. శనగ వచ్చిన తరువాత ఆ చేలకు ఈ మార్పిడి తనంతట తానే సమకూరినది. చౌల్దారీ రైతుకు పెసర, మినుము చేతిలో ఉన్నవి. ఒక ఏడు పొద్దుతిరుగుడు వేసిన మడిలో మరుసటి ఏడు మినుము వేయుట మంచి పద్ధతి.

రెండు నేలలు

నంద్యాల నల్లరేగడి సున్నపు పాలు గల నేల. ఉదజని సూచిక సాధారణంగా 8కి అటూ ఇటూ ఉంటుంది. అటువంటి నేల పైన చల్లి వదలిన యూరియా అమ్మోనియా వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. కనుక అక్కడి రైతు ఎరువును మట్టిలో కప్పుటకు శ్రమపడవలెను. రబీలో అక్టోబరు, నవంబరు మాసాలలో విత్తిన పైరు నేలలో దాగిన తేమ మీద బ్రతుకుతుంది. వాన పడనప్పుడు పైపాటు ఎరువు పొడి మట్టి మీద అలాగే ఉండిపోతుంది.

ద్వీపాల నేల దీనికి భిన్నమైనది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, మే నుండి డిసెంబరు వరకు రెండు ఋతుపవనాల కాలంలో కురుస్తుంది. ఆ వాన సున్నాన్ని, గంధకాన్ని, నైట్రేటు రూపంలోని నత్రజనిని కడిగి క్రిందికి తీసికొనిపోతుంది. మిగిలినది ఆమ్ల నేల. ఉదజని సూచిక 5.5 కన్న తగ్గినచోట మట్టిలోని అల్యూమినియం కరిగి వేరుకొనలను దెబ్బతీస్తుంది. వేళ్ళు పొట్టిగా, లావుగా మారి లోతుకు దిగవు. పొద్దుతిరుగుడు ఈ ఆమ్లాన్ని ఓర్చుకొనే పైరు కాదు. వరి కొరకు దమ్ము చేసిన మడిలో జానెడు లోతున గట్టి పొర కూడ ఉంటుంది. వేరు దిగని పైరుకు 24 కిలోలు వేసినను 34 కిలోలు వేసినను తేడా ఉండదు. చౌల్దారీలో మొదటి ఎరువు యూరియా కాదు, సున్నం అని మా అభిప్రాయం.

సున్నం ఎంత వేయవలెనో భూసార పరీక్ష మాత్రమే చెప్పగలదు. శ్రీ విజయపురం (2024కు ముందు పోర్ట్ బ్లెయిర్) సమీపాన గారాచర్మాలో 1978లో స్థాపితమైన కేంద్రీయ వ్యవసాయ పరిశోధన సంస్థ, ఇప్పటి కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ, ఈ విషయంలో సలహా పొందదగిన చోటు. రెండు జాగ్రత్తలు మాత్రం ఇక్కడనే చెప్పవచ్చును. సున్నాన్ని యూరియాతో గాని అమ్మోనియం ఎరువులతో గాని కలిపి వేయరాదు. నత్రజని గాలిలో పోతుంది. అలాగే వరి కోసిన మరునాడు సున్నం వేసి వారానికి పొద్దుతిరుగుడు విత్తితే ఫలితం ఉండదు; సున్నం పనిచేయుటకు వారాలు పడుతుంది, తేమ కావలెను. వానలకు ముందు, వరి దుక్కిలోనే వేయుట మేలు. పగడపు రాయిని కాల్చిన సున్నం చవకగా దొరకునని ఎవరైన చెప్పినను ఆశపడకుడు. పగడాలను వన్యప్రాణి రక్షణ చట్టం కాపాడుచున్నది.

నత్రజని ఎరువులే నేలను మరింత ఆమ్లంగా మార్చుతాయన్న సంగతి చాలామంది గమనింపరు. నూరు కిలోల యూరియా కలిగించే ఆమ్లాన్ని సరిచేయుటకు సుమారు 80 కిలోల సున్నపురాయి పొడి కావలెను. నూరు కిలోల అమ్మోనియం సల్ఫేటుకు సుమారు 110 కిలోలు. అమ్మోనియం సల్ఫేటులో నత్రజని యూరియాలో సగం కన్న తక్కువ అని కూడ గుర్తుంచుకొనవలెను. గంధకం కొరకు అమ్మోనియం సల్ఫేటు వాడుట నంద్యాలలో తెలివైన పని. ఇక్కడ ఆ గంధకాన్ని సూపర్ ఫాస్ఫేటు నుండి గాని జిప్సం నుండి గాని పొందుట శ్రేయస్కరం.

ఒక్క విషయంలో మాత్రం రెండు ఊళ్ళకు పోలిక ఉన్నది. చౌల్దారీలో జనవరిలో విత్తిన పైరుకు కూడ వాన వెనుకబడినది, ముందున్నది ఎండ. కనుక మూడు దఫాల పైపాటు పద్ధతి నీటి వసతి లేనిచోట కాగితం మీదనే నిలుస్తుంది. మడిలో చెరువు నీరో, వెడల్పు మడుల నడుమ తీసిన కాలువలలో నిలిచిన నీరో ఉన్నవారు మొగ్గ దశలో ఒక తడి ఇచ్చి ఎరువు వేయవచ్చును. లేనివారు విత్తేటప్పుడే గింజకు రెండు అంగుళాలు ప్రక్కగా, కొంచెం లోతుగా వేసి కప్పవలెను. ఎరువు గింజను తాకితే మొలక చచ్చిపోతుంది. ఉప్పు పాలు గల నేలలో ఈ హాని మరింత త్వరగా కలుగుతుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో దక్షిణ అండమాన్ భూమి క్రుంగి, సిప్పీఘాట్ పరిసరాలలో పంట పొలాలు సముద్రపు నీటి పాలైన సంగతి ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. పోటు నీరు తగిలే పల్లపు మడిలో ఫిబ్రవరి, మార్చి మాసాలలో ఎండ పెరిగేకొద్దీ ఉప్పు పైకి వస్తుంది. పొద్దుతిరుగుడు కొంతవరకు ఉప్పును ఓర్చుకొంటుంది. కాని ఉప్పు వలన వాడిన పైరును యూరియా బ్రతికించదు.

మొగ్గ దశలో నేల పొడిగా ఉంటే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారి చేయుట ఒక ఉపాయం. అది పూర్తి మోతాదుకు బదులు కాదు; ఆపద వేళ చేసే సహాయం. ఆకర్షక పత్రాలు విచ్చే సమయంలో లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్‌ను, ముందుగా గోరువెచ్చని నీటిలో కరిగించి, తల తడిసేటట్లు చల్లితే తాలు గింజలు తగ్గుతాయి. వాన కడిగిన నేలలలో బోరాన్ కొరత సాధారణం కనుక దీనిని విస్మరింపరాదు.

ఇంటి ఎరువు సంగతి కూడ చూడుడు. టన్ను పశువుల ఎరువులో సుమారు 5 కిలోల నత్రజని ఉంటుంది. మొదటి పంటకు అందులో కొంత భాగమే అందుతుంది. గట్ల మీద పెరిగే గిరిపుష్పం (గ్లైరిసీడియా) పచ్చి ఆకు టన్నుకు దాదాపు 6 కిలోలు ఇస్తుంది. ఇవి వేసినవారు ఆ మేరకు యూరియా తగ్గించుకొనవలెను. డి.ఎ.పి. వేసినప్పుడు కూడ ఇదే లెక్క: 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని ఉన్నది. 24 కిలోలలో అది పోగా మిగిలినది 15 కిలోలు, అనగా సుమారు 33 కిలోల యూరియా మాత్రమే. డి.ఎ.పి. బస్తాతోపాటు 52 కిలోల యూరియా కూడ తూచి ఇచ్చుట దుకాణాలలో తరచు జరిగే పొరపాటు.

ఎక్కువైతే ఏమగును?

యూరియా 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. ప్రభుత్వ సబ్సిడీ వలన ఇంత చవకగా దొరికే వస్తువును "ఇంకొంచెం వేస్తే పోయేదేమున్నది" అని రైతు అనుకొనుటలో వింత లేదు. పోయేది బస్తా ఖరీదు కాదు. నత్రజని హెచ్చినకొద్దీ గింజలో మాంసకృత్తులు పెరిగి నూనె శాతం తగ్గుతుంది. కొంతవరకు ఇది నష్టం కాదు. గింజ దిగుబడి పెరుగుట వలన ఎకరానికి వచ్చే మొత్తం నూనె పెరుగుచునే ఉంటుంది. ఆ హద్దు దాటిన తరువాత గింజ పెరగదు, నూనె మాత్రం తగ్గుతుంది. ఉదాహరణకు 40 శాతం నూనె గల క్వింటాలు గింజకు, 37 శాతం గల క్వింటాలుకు నడుమ తేడా 3 కిలోల నూనె. గింజను తూకం మీద అమ్మే రైతుకు ఈ తేడా కనబడదు. గానుగ యజమానికి మొదటి రోజే తెలుస్తుంది. మరుసటి ఏడు ధర చెప్పేటప్పుడు ఆయన దానిని మరచిపోడు.

ద్వీపాలలో అంతకన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. నత్రజని ఎక్కువైన పైరు ఏపుగా పెరిగి, ఆకు పచ్చదనం వీడక, ఆలస్యంగా పక్వమౌతుంది. నంద్యాలలో వారం ఆలస్యమైతే రైతుకు చీకు చింత లేదు. చౌల్దారీలో జనవరి నెలాఖరున విత్తిన తొంభై రోజుల పైరు ఏప్రిల్ చివరకు కోతకు వస్తుంది. మే నెలలో వానలు ప్రవేశిస్తాయి. తడిసిన పొద్దుతిరుగుడు తల వెనుకభాగం మెత్తబడి కుళ్ళుతుంది. బలిసిన కాండం, బరువైన తల గాలివానకు ఒరిగిపోతాయి. ఎరువు వలన వచ్చిన వారం రోజుల ఆలస్యం పంట మొత్తాన్ని వానలో పడవేయవచ్చును. అందుచేత ఈ ఊరిలో నలభై ఐదు రోజులు దాటిన తరువాత యూరియా వేయకుండుటయే మంచిదని, నీటి వసతి ఉన్నవారు సైతం మూడు దఫాలకు బదులు రెండు దఫాలతో ముగించవలెనని మా సూచన. వరి కోత ఆలస్యమై ఫిబ్రవరి రెండవ వారం దాటితే ఆ ఏడు పొద్దుతిరుగుడు ఆలోచన మానుకొని పెసరకు మరలుట మేలు.

చిలుకల సంగతి చెప్పకపోతే ఈ లెక్కలన్నీ వ్యర్థం. ద్వీపాలలో చిలుకలకు కొదవ లేదు. ఊరంతటికీ ఒక్క ఎకరం పొద్దుతిరుగుడు ఉంటే అది వాటి భోజనశాల. నలుగురు రైతులు ప్రక్కప్రక్క మడులలో ఒకే వారంలో విత్తి, వంతుల వారీగా కాపలా ఉండగలిగితేనే ఈ పంటకు పూనుకొనవలెను.

అప్పు తీసుకొనే ముందు

కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి, జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఒక్కొక్క పంటకు నిర్ణయించిన ఎకరపు ఖర్చును బట్టి ఏర్పడుతుంది. కమిటీ పట్టికలో లేని పంటకు శాఖ మేనేజరు తన ఇష్టం వచ్చినట్లు రుణం ఇవ్వజాలడు. కనుక విత్తనం కొన్న తరువాత కాక, వానాకాలంలోనే శాఖకు వచ్చి ఈ పంటకు పరిమితి ఉన్నదా, పంటల బీమా వర్తించునా అని విచారించండి. ఖర్చు పట్టిక వ్రాసేటప్పుడు యూరియాకు ముందు భూసార పరీక్షను, సున్నాన్ని, కాపలా కూలిని చేర్చండి. మూడు లక్షల రూపాయల వరకు గల స్వల్పకాలిక పంట రుణంపై 7 శాతం వడ్డీలో, గడువులోగా తీర్చినవారికి 3 శాతం ప్రోత్సాహక రాయితీ లభిస్తుంది. వానలో తడిసిన పంట గడువు నాటికి అమ్ముడుపోకపోతే ఈ రాయితీ కూడ చేజారుతుంది.

అమ్మకం సంగతి కూడ ముందే తేల్చుకొనవలెను. 2025-26 ఖరీఫ్‌కు కేంద్ర ప్రభుత్వం పొద్దుతిరుగుడు గింజకు క్వింటాలుకు 7,721 రూపాయల మద్దతు ధర ప్రకటించినది. కొనుగోలు కేంద్రం లేనిచోట ఆ ధర పత్రికలలోనే ఉంటుంది. గింజను చెన్నైకో విశాఖపట్నానికో ఓడ మీద పంపి అమ్మితే రవాణా ఖర్చు మిగులును తినివేస్తుంది. స్థానికంగా చిన్న గానుగ పెట్టుకొన్నవారితో, లేదా పెట్టదలచిన స్వయం సహాయక బృందంతో, విత్తకముందే మాట కుదుర్చుకొనుడు. నూనె తీయగా మిగిలిన పిండి కోళ్ళకు, పాడి పశువులకు మేత. పశువుల ఎరువు రూపంలో అందులోని నత్రజని కొంత మీ మడికే తిరిగి వస్తుంది.

మొదటి ఏడు అర ఎకరం మించి వేయకుడు. ఆ అర ఎకరంలో కూడ మూడు చాళ్ళను యూరియా లేకుండ, మూడు చాళ్ళను సగం మోతాదుతో, మిగిలినవానిని పూర్తి మోతాదుతో వేసి, ఒక్కొక్క దాని కోత తేదీని, గింజ తూకాన్ని, చాళ్ళ పొడవును ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. సగం మోతాదు చాళ్ళు పూర్తి మోతాదుతో సమానంగా పండి, నాలుగు రోజులు ముందు కోతకు వస్తే, మీ మడికి తగిన అంకె మీకు దొరికినట్లే. వరి కోతలకు ముందు శాఖకు వచ్చేటప్పుడు ఆ పుస్తకాన్ని వెంట తీసుకొని రండి. మరుసటి ఏటి ఖర్చు పట్టికను దానిని చూచియే తయారు చేయవచ్చును.